ఔనని ఎలా చెప్పింది?

తంగెళ్ళమూడి, ఏలూరు
25 సెప్టెంబరు 2024

దాదాకు మహీన్ సలాములు.

మీ చెవులు ఎలా ఉన్నాయి? కుడిది పూర్తిగా పని మానేసిందని, ఎడమది తనకు తోచినప్పుడు వింటోందని పోయిన ఉత్తరంలో రాశారు. మీకు డెబ్భై దాటాక వచ్చిన చెవుడు నాకు అయిదో ఏటనే జ్వరంతో వచ్చింది కాబట్టి ఈ విషయంలో నేను మీకు సీనియర్ని. ఏ సందేహమొచ్చినా మొహమాటపడకుండా అడగండి. మొదటి సలహా ఇప్పుడే ఇస్తున్నాను. వినపడనప్పుడు వినపడినట్టు నవ్వకండి. ఆ నవ్వుకు జనం వాళ్ళకు కావలసిన అర్థం పెట్టుకుంటారు.

మొన్న సోమవారం సైగభాషల దినోత్సవం. మా బధిరుల సంఘం పవర్‌పేటలో మీటింగు పెట్టింది. మా ఫ్లెక్సీ షాపు ఓనరు సగం రోజు సెలవిచ్చాడు, ఆ మీటింగు బ్యానరు డిజైను చేసింది నేనే కాబట్టి. విజయవాడ నుంచి ఒక లాయరమ్మ వచ్చింది, ఆవిడకూ వినపడదు. ప్రపంచంలో చాలా దేశాలు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయట. వినపడని వాళ్ళయినా, చూపు లేని వాళ్ళయినా, బుద్ధి నిదానంగా నడిచే వాళ్ళయినా, తమ సంగతి తామే నిర్ణయించుకునే హక్కు అందరితో సమానంగా ఉంటుందని అందులో ఉందట. మన దేశమూ ఒప్పుకుని చట్టం చేసిందట. నేను చెయ్యెత్తి, "నేను ఒకదానికి ఒప్పుకున్నానని మా ఇంట్లో అంటున్నారు, ఎప్పుడు ఒప్పుకున్నానో నాకు తెలియదు, ఇది ఎలా కుదురుతుంది?" అని సైగ చేసి అడిగాను. అందరూ నవ్వారు. లాయరమ్మ మాత్రం నవ్వలేదు.

అసలు సంగతి ఇది. పోయిన శుక్రవారం గుండుగొలను నుంచి నలుగురు వచ్చారు. ఒక పెద్దావిడ, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక కుర్రాడు. అమ్మీ నా చేత టీ ఇప్పించింది. నేను కాసేపు కూర్చుని వాళ్ళ పెదవులు చూశాను. నలుగురూ ఒకేసారి మాట్లాడితే పెదవులు చదవడం ఎవరి తరమూ కాదు. వాళ్ళు లేచి వెళ్ళారు. అమ్మీ వచ్చి నా నోట్లో లడ్డూ పెట్టి ఏడ్చింది. ఏదో అయిపోయిందని అప్పుడు తెలిసింది.

అబ్బాను అడిగితే కాగితం మీద రాశారు. "నిన్ను అడిగాంగా, నువ్వేమీ అనలేదు. మన ఆచారంలో ఆడపిల్ల మౌనమే ఒప్పుదల."

దాదా, ఎనిమిదో తరగతిలో నా మాట కీచుమంటోందని పిల్లలు నవ్వినప్పటి నుంచి నేను నోరు తెరవడం మానేశాను. ఈ లెక్కన ఇన్నేళ్ళలో నేను ఎన్నింటికి ఒప్పుకుని ఉంటాను? ఆచారాలూ కితాబులూ మీకు తెలుసు. నిజంగా అలాగే ఉందా? కోపంతో కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.

మీకు వాట్సాప్ నేర్పించడం నా వల్ల కాలేదు కాబట్టి జవాబు కోసం పోస్టుమాన్ దారి చూస్తూ,

మీ మహీన్


తాడేపల్లిగూడెం
2 అక్టోబరు 2024

నా ముద్దుల సీనియరుకు, జూనియరు మొహిద్దీన్ దువాలు.

వాట్సాప్ గురించి మళ్ళీ ఎత్తావు. నలభై ఏళ్ళు రైల్వే మెయిల్లో ఉత్తరాలు వేరుచేసిన చేతులమ్మా ఇవి. రైలు ఊగుతుంటే నిలబడి కొల్లేటి లంకల ఊళ్ళ పేర్లన్నీ చూడకుండా గూళ్ళలో విసిరేవాణ్ణి. ఆ అద్దం ముక్క మీద వేలు పెడితే ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కుతాను. ఉత్తరమే మంచిది.

ఇక్కడ ఉల్లిపాయల సీజను మొదలైంది. మార్కెట్టు పక్కన నడిస్తే కళ్ళనీళ్ళు. మన పక్కింటి వెంకట్రాజు నన్ను చూసి, మనవరాలి పెళ్ళి కుదిరిందని ఏడుస్తున్నారా అని చేత్తో అడిగాడు. చూశావా, నీ భాష అతనికి కూడా కొంచెం వచ్చేస్తోంది.

నీ ప్రశ్న నాకు బాగా నచ్చింది. అంతకంటే ముఖ్యం, జవాబు నాకు తెలియలేదు. అందుకని శుక్రవారం నమాజు తర్వాత ఇమామును పట్టుకున్నాను. కుర్రవాడు, కానీ చదువుకున్నవాడు. చెవి దగ్గర నోరు పెట్టి ఓపికగా చెప్పాడు. "పిల్ల సిగ్గుపడి నోరు విప్పలేకపోతే ఆ సిగ్గును గౌరవించమని మౌనాన్ని ఒప్పుదల అన్నారండీ. అంతేగానీ అడగడం మానేయమని కాదు. మాట రానివాళ్ళ సైగ మాటతో సమానమేనండీ. కాకపోతే ఆ సైగ అడిగేవాళ్ళకీ సాక్షులకీ తెలియాలి." ఆ పైన అతను, మీ మనవరాలి భాషలో ఔను అంటే ఎలా ఉంటుందండీ అని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఇరవై నాలుగేళ్ళ మనవరాలిని పెట్టుకుని ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఎలా ఉంటుందో రాయి.

ఇక ఆ గుండుగొలను సంబంధం సంగతి. నీ మనసు నాకు అర్థమైంది. నోరు లేని పిల్లను నోరు లేనట్టే కట్టబెట్టాలని చూస్తే ఊరుకునేవాణ్ణి కాను. నువ్వు దిగులు పెట్టుకోకు. నేను చూసుకుంటాను.

దాదా


ఏలూరు
9 అక్టోబరు 2024

దాదాకు,

ఔను అంటే పిడికిలి పట్టి, మనిషి తల ఊపినట్టు దాన్ని ముందుకు ఊపడం. కాదు అంటే అరచెయ్యి తెరిచి అడ్డంగా ఆడించడం. ముఖం కూడా మాట్లాడాలి. చేత్తో ఔనంటూ ముఖం ముడుచుకుంటే అది ఔను కాదు. ఇమాముకు ఇది కూడా చెప్పండి, ఆయన అడిగినందుకు నాకు చాలా సంతోషం కలిగింది.

ఆ కుర్రాడి పేరు మోయిన్ అట. ద్వారకా తిరుమల కొండ కింద గాజులూ బొమ్మలూ అమ్మే షాపు అట. నాకు ఇంతే తెలుసు. కానీ దాదా, ఆరోజు పెదవులు చదవలేక నేను చేతులు చూశాను. మిగతా ముగ్గురూ అమ్మీతో మాట్లాడుతుంటే అతను నా చేతులవైపు చూస్తున్నాడు. గాజులమ్మేవాడు కాబట్టి చూశాడా, లేక నేను చేతులతో మాట్లాడతానని తెలిసి చూశాడా? పదే పదే ఆలోచిస్తున్నాను. అతనికి కోపం వస్తే ఏం చేస్తాడు? కరెంటు పోయి చీకట్లో నా సైగ కనపడకపోతే ఏం చేస్తాడు? మగపెళ్ళివాళ్ళు సంపాదనా ఇల్లూ చెప్పి వెళ్ళారు గానీ నాకు కావలసినవి ఇవి. ఒకసారి ప్రసన్నలక్ష్మితో కలిసి ఆ షాపుకు వెళ్ళి చూసి రావాలని ఉంది. ప్రసన్నలక్ష్మి గుర్తుందా, మా బధిరుల స్కూల్లో నా పక్క మంచం, ఇప్పుడు మీ గూడెంలోనే మునిసిపల్ ఆఫీసు దగ్గర జిరాక్సు షాపులో ఉంది.

చూసుకుంటానని రాశారు. ఏం చూసుకుంటారు? వివరంగా రాయండి.

మహీన్


తాడేపల్లిగూడెం
11 అక్టోబరు 2024

మహీన్ తల్లికి దాదా,

పని అయిపోయింది, ఇక హాయిగా ఉండు.

నిన్న గురువారం నెత్తిన టోపీ, చేతిలో గొడుగు పెట్టుకుని ఆర్డినరీ బస్సెక్కాను. కొల్లేరు మొన్నటి వరదకు పొంగి ఇంకా తగ్గలేదనీ, కొంగలన్నీ రోడ్డు పక్క పొలాల్లో దిగాయనీ కండక్టరు చెబుతున్నాడు. కిటికీలోంచి చూశాను, నిజమే. ఇంతకాలం అటు తిరిగినా అన్ని పక్షులను ఒక్కచోట చూడలేదు. గుండుగొలనులో దిగి ఆ ఇల్లు పట్టుకున్నాను. కుర్రాడు కొండ దగ్గర షాపులో ఉన్నాడు. వాళ్ళమ్మ నజ్నీన్ మర్యాద తెలిసిన మనిషి. షర్బత్ ఇచ్చింది. మా పిల్లకు ఈ సంబంధం ఇష్టం లేదమ్మా, ఏమీ అనుకోవద్దు అని చెప్పేశాను. ఆవిడ చాలాసేపు ఏదో మాట్లాడింది. సగం వినపడలేదు. నువ్వు వద్దన్నావు కానీ నవ్వకుండా ఉండలేకపోయాను.

మీ అబ్బా జుబేర్ నా మీద ఎగురుతాడు. ఎగరనీ. కొడుకును నేను కన్నానా, అతను నన్ను కన్నాడా?

దసరా సెలవులు కదా, ఇది ఎప్పుడు చేరుతుందో.

నీ తరఫున నిలబడిన
దాదా


ఏలూరు
15 అక్టోబరు 2024

దాదా గారికి,

నాకు ఇష్టం లేదని మీకెవరు చెప్పారు?

నా ఉత్తరం తీసి మళ్ళీ చదవండి. ఎక్కడైనా వద్దు అనే మాట ఉందేమో చూడండి. నేను అడిగింది ఒక్కటే, ఔనని నేను ఎప్పుడు చెప్పాను అని. నేను ఏమీ అనకపోతే అబ్బా దాన్ని ఔను చేశారు. నేను ప్రశ్న అడిగితే మీరు దాన్ని కాదు చేశారు. మీ ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు. అబ్బాకు నా భాష రాదు, ఆయన సంగతి సరే. నాకు రాయడం వచ్చు, మీకు చదవడం వచ్చు. మీరెందుకు అడగలేదు?

ఇల్లు ఎలా ఉందో చెబుతాను. నేను మీకు రహస్యంగా రాసి సంబంధం చెడగొట్టించానని అబ్బా అనుకుంటున్నారు. పరుపుల షాపు నుంచి వచ్చి నావైపు చూడకుండా అన్నం తిని పడుకుంటున్నారు. అమ్మీ నన్ను చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటోంది. వద్దనలేదని నేను రాసి చూపిస్తే, "పోనీలే, ఇప్పుడు మమ్మల్ని సంతోషపెట్టడానికి అలా రాస్తున్నావు" అని అబ్బా రాశారు. ఇప్పుడు నేను ఔనన్నా నమ్మేవాళ్ళు లేరు, కాదన్నా నమ్మేవాళ్ళు లేరు.

నా తరఫున నిలబడ్డానని రాశారు. మీరు నా ముందు నిలబడ్డారు దాదా. వెనకనున్న నేను ఎవరికీ కనపడలేదు.

నాకు చాలా కోపంగా ఉంది. మీరు నా దాదా కాకపోతే ఈ ఉత్తరం కూడా రాసేదాన్ని కాదు.

మహీన్


తాడేపల్లిగూడెం
24 అక్టోబరు 2024

మహీన్‌కు,

నీ తొమ్మిదో తారీకు ఉత్తరం, పదిహేనో తారీకు ఉత్తరం రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆ కుర్రాడి చేతుల సంగతి రాసినది ముందు చదివాను. అది చదువుతుండగానే నేను చేసి వచ్చిన పని ఏమిటో తెలిసింది. రెండోది చదివాక రాయడానికి ఇన్నిరోజులు పట్టింది.

ఈలోగా ఒకటి జరిగింది. చెవి మిషను కోసం వెంకట్రాజు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు నా చెవిలో లైటు వేసి చూసి, అతనివైపు తిరిగి ఏదో అడిగాడు. అతను జవాబు చెప్పాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాడు. నేను ఇద్దరి మధ్య కూర్చుని ఉన్నాను. బయటికొచ్చాక ఏమడిగాడు అంటే వెంకట్రాజు చీటీ మీద రాశాడు. "మిషను పెడదామా అన్నారండీ. మా మొహిద్దీన్ గారు పెట్టుకోరండీ, ఆయన సంగతి నాకు తెలుసు అని చెప్పేశానండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా చెవి, నా తల, అతనెవడు చెప్పడానికి అని ఆటోలో కేకలేశాను. పాపం అతను బిక్కచచ్చిపోయాడు. నా మేలు కోరేవాళ్ళలో అంతకంటే దగ్గరివాడు ఈ ఊళ్ళో లేడు. మిషను నేను నిజంగానే పెట్టుకునేవాణ్ణి కానేమో కూడా. అయినా నన్ను అడగాలి కదా. ఆటో స్టేషన్ రోడ్డు తిరిగేసరికి నాకు నేను గుండుగొలనులో షర్బత్ తాగుతూ కూర్చున్నది గుర్తొచ్చింది. అక్కడి నుంచి ఇంటిదాకా నోరెత్తలేదు. నేను అలిగాననుకుని వెంకట్రాజు సాయంత్రం మినపసున్నుండలు పట్టుకొచ్చాడు.

తప్పు నాదే తల్లీ. క్షమించమని అడుగుతున్నాను. మీ అబ్బాకు కూడా వేరే ఉత్తరం రాశాను, అల్లరి చేసింది నేనే, పిల్ల కాదని. ఇప్పుడు నజ్నీన్ దగ్గరికి వెళ్ళి మాట వెనక్కి తీసుకోనా, వెళ్ళకుండా ఉండనా? నీకు ఆ కుర్రాడు కావాలా, వద్దా? లేక ఇంకా తెలియదా? ఏం చేయాలో నువ్వే చెప్పు. చెప్పేదాకా బస్సెక్కను.

దాదా


ఏలూరు
12 నవంబరు 2024

దాదాకు సలాములు.

మీరు అడిగారు. "ఇంకా తెలియదా" అని కూడా అడిగారు, అది ఎవరూ అడగరు. కోపం చాలావరకు పోయింది. మిగిలినది సున్నుండలు నాకు పంపకుండా తిన్నందుకు.

పోయిన వారం ఆదివారం ప్రసన్నలక్ష్మీ నేనూ ద్వారకా తిరుమల వెళ్ళాం. అమ్మీకి చెప్పే వెళ్ళాను. కార్తీక మాసం కదా, బస్సు దిగిన దగ్గర నుంచి జనమే. అతని షాపుకు ఎదురుగా కొబ్బరికాయల కొట్టు నీడలో నిలబడి కాసేపు చూశాం. ఒరిస్సా నుంచి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు అతనితో బేరం చేస్తున్నారు. వాళ్ళ మాట అతనికి రాదు, అతని మాట వాళ్ళకు రాదు. వేళ్ళతో, కళ్ళతో, కనుబొమలతో లాగించేస్తున్నాడు. ప్రసన్నలక్ష్మి నన్ను మోచేత్తో పొడిచింది.

నేను వెళ్ళి చెయ్యి చాపాను. గాజులోళ్ళు చూసి కొలత చెప్పేస్తారట. అతను నన్ను గుర్తుపట్టి, కంగారులో ఒక సైజు పెద్దవి తీశాడు. అవి జారి మోచేతి దాకా వెళ్ళాయి. ముగ్గురం నవ్వాం. తర్వాత ఒక గాజుల అట్టపెట్టె చింపి, దాని వెనక రాయడం మొదలుపెట్టాడు. మేము కూడా రాశాం. ఆ అట్ట నా దగ్గర ఉంది, మీకు అందులోంచి అతను రాసిన ఒక్క ముక్క రాసి చూపిస్తాను.

"ఆరోజు ఇంటికొచ్చాక అమ్మ మీరు ఒప్పుకున్నారని చెప్పింది. ఎలా చెప్పింది అని అడిగాను. నువ్వు నోరుముయ్యి అంది. తర్వాత మీ దాదా గారు వచ్చి మీరు వద్దన్నారని చెప్పారట. అదెలా చెప్పింది అని అడిగాను. అమ్మకు అదీ తెలియదు. అసలు మీరు ఎలా చెబుతారో చూడాలని నాకు అప్పటినుంచీ ఉంది."

చూశారా దాదా, మీటింగులో నేను అడిగిన ప్రశ్నే ఇంకొక ఇంట్లో ఇంకొకరు అడుగుతున్నారు. కరెంటు పోతే ఏం చేస్తావని అడిగాను. బొమ్మల టార్చిలైటు తీసి నా చేతుల మీద వేసి చూపించాడు. కోపమొస్తే మాత్రం రెండ్రోజులు ముభావంగా ఉంటాడట. నిజం రాసినందుకు మార్కులిచ్చాను.

ఇంటికొచ్చి, మాటలు మళ్ళీ మొదలుపెట్టమని అబ్బాకు రాసి చూపించాను. నజ్నీన్ గారికి వాళ్ళబ్బాయి చెప్పాడు. పెద్దవాళ్ళు మళ్ళీ మాట్లాడుకుని ఫిబ్రవరి రెండో తారీకు ఆదివారం నికా అనుకున్నారు. నేను ఒకే షరతు పెట్టాను. నికా రోజు వకీలుగా పెట్టుకున్న పెద్దమనిషి పెళ్ళికూతురి గదిలోకి వచ్చి సమ్మతమేనా అని మూడుసార్లు అడుగుతాడు కదా, ఆ అడగడం నా భాషలో జరగాలి. నా జవాబు అడిగేవాళ్ళూ సాక్షులూ తమ కళ్ళతో చూడాలి. అప్పటిదాకా ఎవరూ ఎవరికీ నా ఔను మోసుకెళ్ళకూడదు.

అబ్బా రాశారు, "అందరూ కూర్చున్నాక నువ్వు కాదంటే?"

అడగడమంటే అదే కదా అబ్బా అని రాశాను. ఆయన ఆ కాగితం మళ్ళీ ఒకసారి చదివారు. తర్వాత మడిచి జేబులో పెట్టుకున్నారు.

నా వకీలు మీరే. రేపటి నుంచి ప్రసన్నలక్ష్మి దగ్గర మా భాష నేర్చుకోండి. ఆమె చాలా స్ట్రిక్టు. నేర్చుకోకపోతే నికా లేదు.

మీ మహీన్


తాడేపల్లిగూడెం
5 జనవరి 2025

చండశాసనురాలి స్నేహితురాలికి దాదా దువాలు.

నీ ప్రసన్నలక్ష్మి మా రైల్వే మెయిల్ ఇన్‌స్పెక్టరు కంటే ఘనురాలు. సాయంత్రం జిరాక్సు షాపు కట్టేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. తప్పు చేస్తే వేళ్ళ మీద స్కేలుతో కొడుతుంది. నా వేళ్ళు పాతకాలపు తలుపు గడియల్లా బిగుసుకుపోయాయి. కానీ ఉత్తరాలు విసిరిన మణికట్టు ఇంకా ఆడుతోంది, అది చూసి మెచ్చుకుంది. ముఖం సరిగ్గా పెట్టడమే రావడం లేదు. నువ్వు ఎలా ఉన్నావు అని అడిగితే నేను నేరస్థుణ్ణి అడిగినట్టు అడుగుతున్నానట.

ఇమాము కూడా వచ్చి కూర్చుంటున్నాడు. ఆయన రిజిస్టరు పట్టుకుని వస్తాడట ఏలూరు నికాకు, అక్కడ నికా చదివే ఖాజీ గారితో మాట్లాడుకున్నాడు. ప్రార్థనకు సైగ ఏమిటి, మనసుకు ఏమిటి, సందేహానికి ఏమిటి అని అడిగి అడిగి ప్రసన్నలక్ష్మిని విసిగిస్తున్నాడు. వెంకట్రాజు రాజకీయాలకు సైగలు కావాలంటున్నాడు. నా చావిడి ఇప్పుడు నిశ్శబ్దంగా ఉంటుంది గానీ ఒక్కరూ ఊరుకోరు. నాకు చెవులున్నప్పుడు కూడా ఇన్ని కబుర్లు లేవు.

మీ అబ్బా ఒక ఉత్తరం రాశాడు. "నాన్నా, మీరు ముందుగా దాన్ని ఒక్కసారి అడిగి నాకు చెప్పండి, నాకు నిద్ర పట్టడం లేదు" అని. పాపం అనిపించింది. అతను చెడ్డవాడు కాదు, తల దించుకోవలసి వస్తుందని భయం. అయినా అడగనని రాశాను. నాకూ భయంగానే ఉంది. నువ్వు కాదంటే ఆ మాట నా నోటితో నేనే బయటికొచ్చి చెప్పాలి. నీ చెయ్యి ఆడితే నేను తప్పు చదువుతానేమోనని కూడా కలలొస్తున్నాయి.

నేర్చుకుంటున్న
దాదా


తాడేపల్లిగూడెం
6 ఫిబ్రవరి 2025

మహీన్‌కు, గుండుగొలను అడ్రసు మీద మొదటిసారి రాస్తూ, దాదా దువాలు.

నువ్వు అక్కడే ఉన్నావు కదా, జరిగినదంతా నీకు మళ్ళీ ఎందుకు రాయడం అంటావేమో. నా వెనక జరిగినది నీకు వినపడదు. నాకూ వినపడలేదు. వెంకట్రాజు గుమ్మం దగ్గర నిలబడి విని, తర్వాత అంతా చీటీల మీద రాసి ఇచ్చాడు. నీ పెళ్ళి నీకు పూర్తిగా తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఇద్దరు సాక్షులకూ వరండాలోనే పిడికిలీ అరచెయ్యీ నేర్పించి లోపలికి తీసుకొచ్చాను. నీ ముందు కూర్చున్నాను. గుండుగొలను మోయిన్‌తో నికా నీకు సమ్మతమేనా అని అడిగాను. ముఖం సరిగ్గానే పెట్టాననుకుంటాను. నువ్వు చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తూ ఉన్నావు.

అప్పుడు నా వెనక ఒక సాక్షి, "సిగ్గుపడుతోందండీ పాపం. మౌనమే ఒప్పుదల కదండీ, కానివ్వండి" అన్నాడట. ఇంకెవరో ఆడవాళ్ళు, "దానికేం తెలుస్తుందండీ, మీరే చెప్పేయండి" అన్నారట. నేను వినలేదు కాబట్టి బతికిపోయాను. రెండోసారి అడిగాను. నీ చేతులు కదల్లేదు. మీ అమ్మీ గోడ పట్టుకుంది. జుబేర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏమైంది అని బయట హాల్లోంచి కబురొస్తే వెంకట్రాజు నా భుజం తట్టి చేత్తో అడిగాడు. ఆమె ఇంకా చెప్పలేదండీ అన్నాను. అదే మాట నోటి నుంచి నోటికి బయటిదాకా వెళ్ళిందట. అక్కడ ఖాజీ గారు ఏంచేయాలా అని చూస్తే, మన ఇమాము చేతిలో కలం రిజిస్టరు మీద పెట్టేసి, "చెప్పలేదంటే చెప్పలేదనేనండీ. కూర్చుందాం" అన్నాడట. వచ్చినవాళ్ళందరూ కూర్చున్నారు. మోయిన్ కూడా తల ఎత్తి గదివైపే చూస్తూ కూర్చున్నాడని వెంకట్రాజు రాశాడు. బిరియానీ డేగిసాల మూతలు తీయలేదు.

నాకు ఆ కాసేపు ఎలా గడిచిందో చెప్పలేను. నువ్వు కాదంటావా అని కాదు. కాదన్నా బయటికొచ్చి చెప్పడానికి సిద్ధపడే వచ్చాను. ఏమంటావో తెలియకపోవడమే, అదే తట్టుకోవడం కష్టంగా ఉంది. మూడోసారి అడిగాను. నువ్వు ముందు నవ్వావు. తర్వాత పిడికిలి పట్టి ఊపావు. నా కళ్ళు నిండిపోయి సరిగ్గా కనపడలేదు. అందుకే మళ్ళీ చెప్పమని అడిగాను, అది నాలుగోసారి అని ఎవరూ లెక్కపెట్టలేదు. ఇందాక కానివ్వండీ అన్న సాక్షే ముందుగా అరిచాడట, "చూశానండీ, ఔనంది, ఔనంది" అని. జుబేర్ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

నాకు ఒక్కటే సందేహం మిగిలిపోయింది. మొదటిసారి అడిగినప్పుడు నీకు అర్థమైంది, నీ కళ్ళు చూస్తే తెలుస్తూనే ఉంది. మరి ఎందుకు ఆగావు? నిర్ణయించుకోలేదా, లేక నా సైగలో ఏదైనా తప్పుందా? ప్రసన్నలక్ష్మిని అడిగితే, నన్నెందుకు, ఆమెనే అడగండి అంది.

అందుకని నిన్నే అడుగుతున్నాను.

దాదా


గుండుగొలను
13 ఫిబ్రవరి 2025

నా వకీలుకు మహీన్ సలాములు.

ఇక్కడ బాగుంది. అత్త నజ్నీన్ వంటింట్లో నాకు కనపడేలా నిలబడి మాట్లాడడం నేర్చుకుంటోంది. మోయిన్ రోజుకు కొన్ని సైగలు నేర్చుకుని వాటితో అబద్ధాలాడడానికి ప్రయత్నిస్తున్నాడు, ముఖంలో దొరికిపోతున్నాడు. వచ్చే నెల నుంచి నేను ఇక్కడి నుంచే బస్సులో ఏలూరు షాపుకు వెళ్ళి వస్తాను. దాని మీద చిన్న గొడవ జరిగింది, రెండ్రోజుల ముభావం కూడా చూశాను. అట్ట మీద రాసినట్టే ఉంది.

వెంకట్రాజు గారి చీటీల మాటలు రాసి పంపినందుకు మీకు కృతజ్ఞత ఎలా చెప్పాలో తెలియడం లేదు. నా వెనక ఏం మాట్లాడుకున్నారో నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

మీ సైగలో తప్పేమీ లేదు. ముఖం కూడా బాగానే పెట్టారు. మీరు ఆ గదిలోకి వచ్చేసరికే నా నిర్ణయం అయిపోయింది. మీరు మొదటిసారి అడగగానే నా చెయ్యి లేవబోయింది. అప్పుడు ఒక సంగతి తెలుసుకోవాలనిపించింది, ఈసారి నేను ఏమీ అనకపోతే ఏమవుతుంది అని. ఇంతవరకు నేను ఏమీ అనలేదని ఏ పనీ ఆగలేదు. స్కూలు మార్పించారు, జడ కత్తిరించారు, లడ్డూ పెట్టారు. అన్నీ సాగిపోయాయి.

ఈసారి ఆగింది. బయట ఎంతమంది కూర్చున్నారో నాకు తెలియదు, నేను మీ ముఖం ఒక్కటే చూస్తున్నాను. మీరు కళ్ళు పెద్దవి చేసుకుని నా చేతులవైపు చూస్తున్నారు. నేను ఏం చెబుతానో మీకు నిజంగా తెలియదు.

అమ్మీకి ఎప్పుడూ తెలుసు, అబ్బాకు ఎప్పుడూ తెలుసు, మా టీచర్లకు తెలుసు, షాపుకొచ్చే వాళ్ళకు కూడా తెలుసు. నేను ఏమంటానో తెలియక ఎదురుచూసే మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు దాదా. అందుకే ఇంకాసేపు చూశాను.

మీ మహీన్